ప్రస్థానం మూట

కార్వార్ సముద్రానికి మాట్లాడుకున్న టాక్సీ వాకిట్లో ఆగింది. భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టి కేశవమూర్తి ఎదురింటికి పరుగెత్తాడు. బయలుదేరే ఈ గురువారం తిథి మంచిది కాదని, సోమవారమే మంచి గడియ చూసి తన బట్టల మూటను అక్కడ ప్రస్థానం పెట్టాడు. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క.

గూట్లో రెండు మూటలున్నాయి.

“ఈ పసుపు గుడ్డ మూట ఎవరిదక్కా?” అని ఎదురింటావిడను అడిగాడు.

“మీ చిన్నమ్మదేనప్పా. నువ్వు టాక్సీ మాట్లాడినావని తెలిసిన దినమే తెచ్చి పెట్టింది. సముద్రం చూస్తానని ఎంత సంబరపడిందో!”

తల్లి పోయాక అతన్ని పెంచింది, ఇప్పటికీ అతనింట్లోనే ఉంటున్నది ఆ చిన్నమ్మ వాసవాంబే. అత్తమామలు కూడా వస్తున్నారని, కారులో జాగా లేదని నిన్న ఆమెతో చెప్పాడు. నిజానికి అత్తమామలు రావడం లేదు.

“దాన్ని మా ఇంటికి పంపించక్కా,” అన్నాడు తల దించుకుని.

“పంపగూడదప్పా! నిన్న సాయంత్రం వచ్చి మరీ చెప్పిపోయింది. పెట్టిన మూట వెనక్కి మళ్ళితే పొయ్యేవాళ్ళకి మంచిది కాదంట. ‘నేను పోకుంటే పోనీ, పిల్లోడు చల్లంగ పోయి రావాల, నా మూట గూడా కార్లో ఏసి పంపు’ అనింది.”

రెండు మూటలూ చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. తన ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది.

పసుపు మూటను డిక్కీలో పెట్టమని డ్రైవరుకిచ్చి అతను భార్య పక్కన కూర్చున్నాడు.

“డిక్కీలో యాల సామీ? ముందర సీటు ఖాళీగానే ఉండాది గదా,” అంటూ డ్రైవరు దాన్ని తన పక్కన కూర్చోబెట్టాడు.