మొండికేసిన నవాబు

పద్మకు గుర్రాలంటే భయం లేదు. మూడేళ్ల కూతురు లహరి ఎప్పుడు ఏ గుర్రం కాళ్ల మధ్యకు దూరుతుందోనన్నదే ఆమెకున్న అతి పెద్ద భయం. అందుకే ఆ రోజు ఆదోనిలో, పత్తి గోదాం వెనక ఆవరణలో, పిల్లను అత్త తాయమ్మకు అప్పజెప్పి, "ఒళ్లోనుంచి దించొద్దత్తా" అని మరీ మరీ చెప్పి పరీక్షకు నిలబడింది.

ఊరేగింపుకు ముస్తాబు చేసిన గుర్రం కొరడా, తాడు లేకుండా, పిలుపుతోనే దగ్గరికి రావాలి. వస్తే రేపటి నుంచి పద్మ, కొట్టకుండా గుర్రాన్ని మాట వినిపించడం నేర్పే, గుర్రాలవాళ్ల పంతులమ్మ. రాకపోతే మళ్ళీ ఎమ్మిగనూరు వెళ్లి మగ్గం గుంతలో కూర్చోవడమే.

"నవాబూ, రా నాయనా!"

నవాబు కదల్లేదు. ఒంటి మీది జరీ గుడ్డ నేలను తాకుతుంటే రాతి గుర్రంలా నిలబడింది.

"పెండ్లి గుర్రానికి బుజ్జగింపులు యాడ తెలుస్తాయి పాపా?" నవాబు యజమాని నరసప్ప నవ్వాడు. "రెండు తగిలించు, ఉరుకుతాది."

"వద్దన్నా. నిన్న పిలిస్తే వచ్చె కదా."

"నిన్న వచ్చె, ఈ పొద్దు రాలే. ఈయమ్మ మాకు నేర్పిస్తాదంట!"

పరీక్ష పెట్టే శశికాంత్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక్కసారి పిలువమ్మా. అంతే."

పద్మ అత్త వైపు చూసింది. తాయమ్మ గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. ఒళ్లో దుప్పటి మూట కదలడం లేదు. అమ్మయ్య, పిల్ల నిద్రపోయింది.

శశికాంత్ కాగితాల వైపు తిరగగానే నరసప్ప కొరడా ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క దెబ్బ. ఎవరు చూస్తారు? పద్మ చెయ్యి లేచింది. నవాబు ఒళ్లంతా వణికింది, కానీ ఒక్క కాలూ ఎత్తలేదు. తల వంచి తన పొట్ట వైపు చూసుకుంది.

పద్మ కొరడా విసిరేసింది. "రాలేదంటే దానికేందో కష్టముండాల. పరీక్ష పోతే పోనీ సార్, నేను కొట్టను."

వెళ్లి మెడ నిమిరింది. "ఏమాయ నాయనా నీకు?"

"మెల్లగా మాట్లాడుమా," అంది జరీ గుడ్డ. "బొమ్మ పండుకునింది."

పద్మ గుడ్డ ఎత్తి చూస్తే, ముందుకాళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని, ఒళ్లో బొమ్మతో లహరి, బుగ్గ నిండా నవాబుకు పెట్టే బెల్లం!

"పాసే సార్! ఇంకేం అడుగుతారు?" అన్నాడు నరసప్పే, కొరడా వీపు వెనక దాచేస్తూ. తాయమ్మ మాత్రం నిద్రలోనే ఖాళీ దుప్పటి మూటను జోకొడుతూనే ఉంది.

పద్మ ఇప్పుడు పంతులమ్మ. మీ ఇంటి పెండ్లి ఊరేగింపులో గుర్రం మొండికేస్తే తిట్టకండి, కాస్త గుడ్డ ఎత్తి చూడండి. లహరి పొద్దుటి నుంచి మళ్ళీ కనబడడం లేదు.