పన్నెండు కీలకూ ఒకే మాట

గుంతకల్లులో కంప్యూటర్లు బాగుచేసే కుళ్లాయప్ప, కండరాలు చచ్చుబడే జబ్బుతో గొంతు పూర్తిగా పడిపోకముందే పన్నెండు మాటలు రికార్డు చేసి, తన లినక్స్ కంప్యూటర్లో పైవరుస ఎఫ్ కీలకు తగిలించుకున్నాడు. కీ నొక్కితే మాట పలుకుతుంది. వాటిని మార్చడం భార్య జయంతికీ నేర్పాడు.

ఇప్పుడు వేలు గురి తప్పుతోంది. నొప్పి అనబోతే ఫ్యాను అంటోంది.

"అన్ని కీలకూ ఒకే మాట పెడతా. యాడ తగిలినా అదే పలుకుతాది. నీకు కావాల్సింది రాగానే కండ్లు మూసుకో," అంది జయంతి.

ఆ పన్నెండు మాటలూ ఒక్కొక్కటే చదివింది. నీళ్లు. నొప్పి. పక్కకు తిప్పు. పాప. అతను చూస్తూనే ఉన్నాడు.

చివరిది, ఆమె వద్దని ఏడ్చినా పట్టుబట్టి పెట్టుకున్నది: "ఇంక చాలు. నన్ను పోనియ్యి."

కుళ్లాయప్ప కళ్లు మూశాడు. చాలాసేపు తెరవలేదు.

"సరేలేప్పా," అంది జయంతి. స్క్రీను తనవైపు తిప్పుకుని పన్నెండు కీల లైన్లూ మార్చింది. అతని చెయ్యి ఎత్తి కీల మీద పెట్టింది.

"నీళ్లు," అంది కంప్యూటరు, కుళ్లాయప్ప గొంతుతోనే.

అతను ఆమెనే చూస్తూ మళ్లీ నొక్కాడు.

"నీళ్లు."

"తెస్తాండా, తెస్తాండా," అంటూ జయంతి తల ఎత్తకుండా, నిండుగా ఉన్న గ్లాసులోనే మళ్లీ నీళ్లు పోసింది.