కడుపులో రింగులు

కంప్యూటర్ తెర మీద హెప్సిబా నడుము ఎముకలు తెల్లగా కనబడుతున్నయి.

వాటి మధ్య, కడుపు ఉండే చోట, సన్నటి రింగులు. తెగి రాలిన పూసల లెక్క.

సోమవారం నిజామాబాద్‌లోని ఈ ఆస్పత్రిలోనే ఒక మాత్రలో పెట్టి మింగించిన రింగులవి.

"పేగు ఎంత పని చేస్తుందో వీటితో తెలుస్తుంది," అని డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. "శనివారం ఎక్స్‌రే తీస్తాం. రింగులు బయటికి పోతే పేగు నడుస్తున్నట్టు. అప్పటిదాకా రోజూ తాగే విరేచనమయ్యే మందు బంద్. తాగితే పరీక్షకు అర్థమే ఉండదు."

హెప్సిబా తల ఊపింది.

ఆమె మలద్వారం లేకుండ పుట్టింది. కండ్లు సరిగ్గా తెరవకముందే పొట్ట మీద రంధ్రం చేసి సంచి తగిలించిండ్రు. నడక నేర్చినంక కింద దారి చేసి, పైది కుట్టేసిండ్రు.

దారైతే అయింది. పేగుకే నడక రాలేదు.

ఇప్పుడు హెప్సిబాకు పదిహేడు. కడుపు రాయి లెక్క గట్టిపడుతది. లోపల నిండిపోయి, తెలియకుండనే నీళ్లు కారుతయి.

అట్ల ఒకసారి క్లాసులో బట్టలు ఖరాబైనయి. పక్కన కూసునే నిరోష బ్యాగు తీసుకొని వేరే బెంచీకి పోయింది.

హెప్సిబాకు నర్సు కావాలని ఉంది. నర్సు కావాలంటే హాస్టల్‌లో ఉండాలె.

రింగులు కదలకపోతే మళ్లా సంచి తప్పకపోవచ్చని డాక్టరమ్మ ముందే అన్నది.

అందుకే రింగులు కదలాలె.

మంగళవారం అమ్మ ఆశా చెరుకు నరక పోయినంక, బీరువా మీద దాచిన మందు సీసాను హెప్సిబా కిందికి దింపింది. ఒక మూత తాగింది. ఆ తెల్లారి ఇంకింత. శుక్రవారం సీసా ఎత్తి పట్టుకొని అడుగు దాకా తాగి, నీళ్లు నింపి పెట్టింది.

పేగులు మెలిపెట్టినయి. నోట్లో చున్నీ కుక్కుకొని బాత్రూంలో కూసున్నది.

నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

ఇయ్యాల శనివారం. డాక్టరమ్మ పెన్ను మొనతో తెర మీది రింగులను లెక్కపెట్టింది.

అన్నీ ఉన్నయి.

"మందు పూర్తిగా మానేసింది కదా?"

"ఒక్క సుక్క ముట్టలే మేడం. నేనే అందకుండ పెట్టిన," అన్నది ఆశా.

డాక్టరమ్మ హెప్సిబా దిక్కు చూసింది.

హెప్సిబా నోరు తెరిచింది. అమ్మ చెయ్యి వచ్చి ఆమె చేతిని గట్టిగ పట్టుకున్నది. చెరుకు ఆకులు కోసిన గీతలు ఆ చేతి నిండా.

"మానేసిన మేడం."

"అయితే సంచి మాట ఇప్పుడే వద్దు. మందు లేదు కాబట్టి కదల్లేదు. మోతాదు పెంచి చూద్దాం. దానికీ కదలకపోతే అప్పుడు ఆపరేషన్."

ఆశా కండ్లు మూసుకొని, "ప్రభువా, స్తోత్రం," అన్నది.

బోధన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎడపల్లి కాడ చెరుకు ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు ఆగింది. అమ్మ మాటలు ఆగలేదు.

"మందుతోని కదుల్తదట. ఇన్నవా బిడ్డా?"

"ఇన్న."

"హాస్టల్‌కు పోయేటప్పుడు మంచి పెట్టె కొనాలె. మీ బాపుకు చెప్త."

హెప్సిబా కిటికీలోంచి బయటికి చూసింది. కడుపులో మళ్లా నొప్పి మొదలైంది. మొఖం తిప్పలేదు.

"రేపు చర్చిల సాక్ష్యం చెప్త," అన్నది ఆశా, కొంగుతో కండ్లు తుడుచుకుంట. "దేవుడు నా బిడ్డను చూసిండని అందరి ముంగట చెప్త. నువ్వు గూడ నా పక్కన నిలబడాలె."

బస్సు కదిలింది.

"నిలబడ్త అమ్మా," అన్నది హెప్సిబా.