ముహూర్తానికి ఎక్కని పేర్లు

“పాత సర్వర్‌లో ఉన్న ఒక్క పేరు కూడా పోదు. ఇది నా మాట!” అని అడవి సభలో మంత్రి నక్క ప్రకటించింది. కొత్త సర్వర్‌కు మారుస్తున్న అడవి వెబ్‌సైట్‌లో పేరున్న వాళ్లకే ఎండాకాలంలో మడుగు నీళ్లు దక్కుతాయి. అందుకే అందరూ చప్పట్లు కొట్టారు.

వెబ్‌సైట్ రంగులూ బొమ్మలూ ముందే కొత్త సర్వర్‌కు చేరాయి. తర్వాత డేటాబేస్ వంతు వచ్చింది. సింహాలు, పులులు, ఏనుగుల పేర్లు ముందు ఎక్కించారు. చిన్న ప్రాణులను చివర పెట్టారు.

“కుందేళ్లు ఇంకా ఎక్కలేదు మంత్రిగారూ,” అంది ఆ పని చూస్తున్న కొంగ.

“ముహూర్తం దాటిపోతోంది. రాజుగారు గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డారు. పాతది తుడిచెయ్!”

కొంగ తుడిచేసింది. గుమ్మడికాయ పగిలింది. తెర మీద సింహం బొమ్మ వెలిగింది.

మర్నాడు ఒక తల్లి కుందేలు సొమ్మసిల్లిన పిల్లను నోట కరుచుకొచ్చి మడుగు గట్టున దించింది. కాపలా మొసలి కొత్త వెబ్‌సైట్‌లో వెతికింది.

“నీ పేరు లేదమ్మా.”

“నిన్న కూడా ఇక్కడే తాగాను కదన్నా! నన్ను ఎరగవూ?”

“ఎరుగుదును. కానీ ఇందులో లేవు.”

నీళ్లకు జానెడు దూరంలో పిల్ల ప్రాణం విడిచింది.

నక్క పరుగున వచ్చింది. “సాంకేతిక లోపం తల్లీ, చివర పెట్టిన పేర్లు ఎక్కలేదు. ఏమీ అనుకోకు.”

“లోపమైతే ఒక్క పులి పేరైనా పోవాలిగా?” అంది కుందేలు. “మాకు మీ దయ వద్దు, జవాబు కావాలి. మమ్మల్ని చివర పెట్టమన్నది ఎవరో వైశాఖ పౌర్ణమిలోగా సభలో చెప్పండి.”