ఆదివారం నడక

షుగరున్న మనిషి పులిహోర ఇంకొంచెం ఎక్కువ పెట్టమన్నాడు. రాఘవమ్మకు అనుమానం మొదలైంది అక్కడే.

ఆ మనిషి ఆమె భర్త పెంచలనరసయ్య. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. డాక్టరు రోజూ నడవమంటే, వారమంతా ఆత్మకూరులో మిద్దె మీదే రెండు చుట్లు తిరిగి కూలబడతాడు. ఆదివారం మాత్రం తెల్లారకముందే లేచి, మీసానికి రంగేసుకుని, ఉదయగిరి బస్సెక్కుతున్నాడు. అక్కడ దుర్గం కొండ కింద ఎవరో టీచర్లు అడవి నడక పెట్టారట. చెట్ల మధ్య దారి బాగుచేసి, ఆదివారం పూట జనాన్ని తిప్పుతున్నారట.

“నడిచేదానికి ఆత్మకూర్లో నేలే లేదా?” అని అడిగింది రాఘవమ్మ.

అక్కడ గాలి మంచిదన్నాడు. ఇన్ని ఊళ్లుండగా ఆ ఊరి గాలే ఎందుకు మంచిదైందో ఆమెకు అంతుబట్టలేదు. అన్నిటికన్నా ఆ ఊరి పేరే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక టిఫిన్ బాక్సు చూస్తే కడిగి ఉంది. కాపురానికొచ్చింది మొదలు, తాగిన గ్లాసు తొలిచిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు. కండువా ఉతకబోతే అత్తరు వాసన.

పక్కింటి ప్రమీలారాణి తన ఫోన్లో ఆ నడకవాళ్ల మెసేజీ చదివి వినిపించింది. ‘పిల్లాజెల్లాతో రండి. ముసలివాళ్లు కూడా సులువుగా నడవగల దారి.’ ఫోటోల్లో అన్నీ జంటలే, భుజాల మీద పిల్లలే. నువ్వెందుకక్కా పోవు అని అడిగింది ప్రమీల. రాఘవమ్మ అదే మాట మొగుడిని అడిగితే, నీకు మోకాళ్ల నొప్పులు కదా అన్నాడు. మోకాళ్లు నొప్పులని ఆమె ఏనాడూ అనలేదు.

పైగా అడగనివాటికి కూడా జవాబులు చెబుతున్నాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందట. డ్రైవరు పాత స్నేహితుడేనట. దాచుకునే మనిషి మాట ఎలా ఉంటుందో రాఘవమ్మకు బాగా తెలుసు. నిజం చెప్పేవాడికి అన్ని వివరాలు అక్కర్లేదు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ ఒక్కడూ చెయ్యి జారిపోతే పలకరించే నోరుండదు. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది.

ఆ ఆదివారం ఆయన వెనకాలే ఇంకో బస్సెక్కింది. ఉదయగిరిలో దిగగానే కొంగు తలమీదికి, ఇంకా కిందికి లాక్కుంది. తెలిసినవాళ్లెవరైనా ఎదురుపడితే ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూనే వచ్చింది.

కొండ మొదట్లో శీనమ్మ అనే ఆవిడ మేకలు మేపుతోంది. తెల్లచొక్కా, రంగేసిన మీసం అని ఆనవాలు చెబితే ఇట్టే గుర్తుపట్టింది.

“ఆయప్పా? ఇప్పుడే పోయినాడు. పక్కన పడుచుమనిషి, చెయ్యి పట్టుకోని చిన్నపాప. నీకేమైతాడు?”

“మా ఊరాయన” అంది రాఘవమ్మ.

“ఇంట్లో పెళ్లాం బతికుండాదో లేదో గానీమ్మా, వారం వారం మురిసిపోతా తిరగతాడు.”

రాఘవమ్మ కొండదారి పట్టింది. సీతాఫలం పొదల మధ్య దారి చల్లగా ఉంది. ఎవరో తండ్రి కొడుక్కి పక్షిని చూపిస్తున్నాడు. ఒక ముసలి జంట చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగి వస్తోంది. ఆమె కంటికి వాళ్లెవరూ ఆనడం లేదు. మలుపు తిరిగింది.

బండ మీద పెంచలనరసయ్య కూర్చుని ఉన్నాడు. అయిదేళ్ల పాపకు పులిహోర ముద్దలు చేసి పెడుతున్నాడు. పక్కన చున్నీ తలమీదికి కప్పుకున్న మనిషి, ఇటు వీపు పెట్టి. గాలికి చున్నీ జారింది. ఆమె సర్దుకుంటూ ఇటు తిరిగింది.

రేణుక. రాఘవమ్మ కన్నకూతురు.

ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే రియాజ్‌ను రేణుక పెళ్లి చేసుకున్న రోజున, పెంచలనరసయ్య పెంచలస్వామి మీద ఒట్టు వేశాడు. ఈ ఇంటివాళ్లెవరూ దాని గడప తొక్కరు, అది ఈ గడప తొక్కదు అని. భార్య చేత కూడా వేయించాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో రేణుక పేరు ఎవరూ పైకి అనలేదు. రేణుకకు కూతురు రిహానా పుట్టినప్పుడు కూడా.

రాఘవమ్మ ఠక్కున ఆగింది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి పోదామా అనుకుంది. అప్పటికే ఆయన చూసేశాడు.

ఇక ఆమె ఎవరినీ నోరెత్తనీయలేదు. బిడ్డ ఊసెత్తబోతే ఆయన కంచం ముందునుంచి లేచిపోయిన రోజులు, తలగడలో మొహం దాచుకుని తాను ఏడ్చిన రాత్రులు అన్నీ ఏకరువు పెట్టింది. అన్నం మెతుకుల చేతితో లేచి నిలబడి విన్నాడు ఆయన.

“నా చేత ఒట్టేయించి, నువ్వొచ్చి ఈడ పులిహోర తినిపిస్తా ఉండావా?” అంది చివరికి.

“ఒట్టు తప్పలేదు రాఘవా. గడప తొక్కనన్నాను. అడవికి గడప యాడుండాది?” అన్నాడు ఆయన మెల్లగా. “నీకు చెబుదామనే అనుకున్నా. భయమేసింది. నీ అంత గట్టి మనసు నాకు లేకపాయ.”

రేణుక తల ఎత్తలేదు. పాప ఏదో అనబోతుంటే గబగబా ఇంకో ముద్ద నోట్లో కుక్కి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రిహానా ఆ ముద్ద మింగేసి, చెయ్యి విడిపించుకుని, పరుగున వచ్చి రాఘవమ్మ కొంగు పట్టుకుని అడిగింది: “అవ్వా, నువ్వొచ్చేది గురువారం కదా, ఈరోజొచ్చినావేంది?”