ఆయ్

మంగతాయారు కన్నపిల్లని ఇటలీ వాళ్లు పెంచుకున్నారు. రాజోలు పక్క శరణాలయం నుంచి ఒకే విమానంలో పిల్లల్ని పట్టుకెళ్లిన కుటుంబాలన్నీ ఏటా ఓచోట కలిసి కేకు కోసుకుంటారు. ఈసారి ఆ సరదా ఇక్కడే, గోదారొడ్డు రిసార్టులో.

ఇరవయ్యేళ్ల ఆ పిల్ల, కన్నతల్లి మంగతాయారు చేతులు పట్టుకుని ఏదో అడిగింది. హైదరాబాదు నుంచొచ్చిన దుబాసీ ఆ మాటల్ని తెలుగులో చెప్పడం మొదలెట్టింది.

"మీ అమ్మాయి ఒక్కటే తెలుసుకోవాలంటోందమ్మా."

"ఆయ్."

"తనని ఇష్టపడే ఇచ్చేశావా అని."

"ఆయ్," అంది మంగతాయారు, కూతురి మొహం మీంచి చూపు తిప్పకుండా.

దుబాసీ దాన్ని ఇటలీ భాషలో ఒక్క ముక్కలో తేల్చేసింది. పిల్ల చేతులు వదిలేసి గ్రూపు ఫోటోలో నవ్వడానికి వెళ్లిపోయింది. కూతురి కోసం తెచ్చిన కొబ్బరి లౌజు డబ్బా మూతైనా తియ్యకుండానే మంగతాయారు ఒళ్లో ఉండిపోయింది.

"ఆగిపోయేరేంటండీ? తర్వాతేమందండి?"

"ఇంకేముంది? ఔనన్నావు కదా!"

"నేనాండీ? మీరు చెబుతుంటే వింటున్నానని ఆయ్ అన్నానండి. పెద్దోళ్లు మాటాడుతుంటే ఊరుకోకూడదు కదండీ. అప్పుడు పిల్ల గురించి శరణాలయం అయ్యగారు చెబుతున్నప్పుడూ అలాగే అన్నానండి. చదివించి మళ్లీ ఇంటికి పంపేస్తారనుకున్నానండి."

దుబాసీ ఫోటో వైపు చూసింది. అక్కడ అందరూ నవ్వుతున్నారు.

"ఇప్పుడు చెబితే వాళ్ల సరదా పాడైపోతుంది. ఏటా కలుస్తారుగా. వచ్చే ఏడు రోములో చెబుతాలే, సరేనా?"

ఇంకా ఏమైనా చెబుతుందేమోనని మంగతాయారు ఆవిడ మొహంలోకి చూసింది.

"ఆయ్."