మెడ పట్టీ

వేరే ఊళ్లలో మ్యాచ్‌లు ఆడి అమెరికాలోని మా ఊరు పార్సిప్పనీకి తిరిగొచ్చిన మా ఆయన కౌస్తుభ్ బావ ఐస్ హాకీ బ్యాగ్‌ని ఉతకడానికి విప్పాను. గ్లవ్స్, ప్యాడ్లు, సాక్సులు అన్నీ చెమట కంపు. మెడ పట్టీ మాత్రం నేను ఉతికి పెట్టిన సబ్బు వాసనే వేస్తోంది.

మంచు మీద జారిపడ్డప్పుడు ఎదుటివాడి స్కేట్ బ్లేడ్ తగిలితే గొంతు తెగిపోతుంది. అయినా వీళ్ల చిన్న లీగ్‌లో ఆ పట్టీ కట్టుకోవడం ఆటగాడి ఇష్టం. అందుకే ప్రతి మ్యాచ్‌లో కట్టుకుంటానని బావ చేత ఒట్టు వేయించుకున్నాను. నవ్వుతూ నా నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు" అన్నాడు. నేనంటే అంత ప్రేమా అని మురిసిపోయాను.

ఎదురు ప్రశ్నించడం నాకు అలవాటు లేదు. అయినా పట్టీ పట్టుకెళ్లి బావ ముందు నిలబడ్డాను.

"కట్టుకోలేదు కదూ బావా?"

"హాట్‌గా ఉంటుంది. మెడ తిరగదు. టీమ్‌లో ఎవరూ వేసుకోరు. చిల్! నాకేం కాలేదు కదా."

"నా మీద ఒట్టు వేశావు. ఒట్టు తప్పితే నాకు కీడు."

అమెరికాలో పుట్టినవాడు, ఒట్టంటే ఉత్త ప్రామిస్ అనుకున్నాడేమోనని సరిపెట్టుకోబోయాను.

"తెలుసు. చిన్నప్పుడే అమ్మ చెప్పింది."

"తెలిసే నా మీద వేశావా? నీ మీద వేసుకోవచ్చుగా?"

బావ స్టిక్‌కి టేప్ చుడుతూ తల కూడా ఎత్తలేదు.

"సీజన్ మధ్యలో నా మీదా? బ్యాడ్ లక్ కదా!"